కోటు జేబులో గజ్జెలు

ఆ రోజుల్లో మా బందరులో ఇంటికో హార్మణీ, వీధికో విద్వాంసుడూ ఉండేవారు. ఇరవై ఏళ్లకే ప్లీడరుగారి గుమాస్తానైన నాకు మాత్రం ఆ పాట ఎక్కేది కాదు (చెవి లేదనేవాడు మావయ్య). నా పిచ్చల్లా హంసలదీవి తాత. భుజాన తంబుర, కాళ్లకు గజ్జెలు, నెలకోసారి మా వీధిన తత్వాలు పాడుకుంటూ వెళ్లేవాడు. జీర గొంతు. ఎవరు మెచ్చుకున్నా ఆగేవాడు కాదు. ఆయన వెంట నడిచి ఎన్నిసార్లు ప్లీడరుగారి చేత చీవాట్లు తిన్నానో.

ఆ గొంతు పెద్దమనుషులకు వినిపించాలని నాకు బుద్ధి పుట్టింది. సంగీత సభ నడిపే మావయ్య కాళ్లావేళ్లా పడితే, "సరేలేరా, నా పరువు నీ చేతిలో పెడుతున్నా" అన్నాడు. తాతేమో "కూర్చుని పాడటం నాకు రాదురా మనవడా" అన్నాడు. నేను వింటేనా. చివరికి ఆయనే, "నీ కోసం మా గురువుగారి తత్వం పాడతాలే, ఇంతవరకూ వీధిలో పాడలేదు" అన్నాడు. సభ నాడు ఆయన్ని వేదిక ఎక్కించి, విద్వాంసుల పద్ధతిలో తివాచీ మీద బాసింపట్టు వేయించాను. గజ్జెలు మొరటుగా ఉంటాయని నేనే విప్పి కోటు జేబులో వేసుకున్నాను.

మొదటి చరణం ఎలాగో అయింది. తర్వాత ఆయన పాదం తివాచీ మీద తాళం కోసం తడుముకుంది. గజ్జె లేదు, నడక లేదు, పాటా రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈయన్ని ఎవరండీ తీసుకొచ్చింది?" అన్నాడు నా పక్కనున్న పెద్దాయన. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎవరా అని నేనూ వెనక్కి తిరిగి వెతికాను. "నాకేం తెలుసండీ" అంటూ లేచాను. జేబు ఘల్లుమంది.

హాలంతా నవ్వింది. తాత నవ్వలేదు. దిగివచ్చి, "నా గజ్జెలు ఇప్పించండి బాబూ" అని చెయ్యి చాపాడు. అప్పటిదాకా నన్ను మనవడా అన్న మనిషి.

మెట్ల మీద గజ్జెలు కట్టుకుని వీధిలోకి దిగి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. నవ్వినవాళ్లే ఒక్కొక్కరూ లేచి వెంటపడ్డారు, మావయ్యతో సహా. వీధి మలుపు దగ్గర రెండో చరణం అందుకున్నాడట. నాకు మొహం చెల్లక, ఖాళీ హాల్లో తివాచీ చుడుతూ ఉండిపోయాను.

మళ్లీ ఆయన మా వీధికి రాలేదు. ఇప్పుడు మా మనవలు పాడమంటే వరండాలో నడుస్తూ ఆ తత్వం పాడతాను. తర్వాతేంటి తాతయ్యా అంటారు.

"నాకు మొదటి చరణమే వచ్చురా" అంటాను.