ఆయన కట్ చెప్పని దృశ్యం

మొన్న టీవీలో ఛానెళ్లు మారుస్తుంటే, నాటకాలను సినిమాలుగా తీసి పేరు తెచ్చుకున్న ఆ ఇంగ్లీషు దర్శకుడి చివరి చిత్రం కనబడింది. ఆ గదినీ, ముసలి నటినీ చూడగానే కాఫీ చల్లారిపోతున్నా కదలలేకపోయాను.

న్యూజెర్సీ పిస్కాటవేలో అక్కా బావల ఇంట్లో ఉంటూ, ఫార్మాలో చేరమని అందరూ పోరుతున్నా వినకుండా, చదువయ్యాక ఏడాదిపాటు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద న్యూయార్క్‌లో ఆ సినిమాకే ఎడిటింగ్ అసిస్టెంటుగా చేరిన రోజులవి. ఆ గడువు తరుముతుంటే ఎలా ఉంటుందో మన తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆ దర్శకుడికి బహుమతులిచ్చినవాళ్లే, అప్పటికి, ఇవి సినిమాలు కావు, కెమెరా పెట్టి తీసిన నాటకాలు అని తీసిపారేస్తున్నారు. ఇది ఆడకపోతే ఇంకొకటి ఇచ్చేవారు లేరని ఆయనకూ తెలుసు.

అందులో, భర్త పోయిన కబురు విన్న ముసలామె మాట్లాడే దృశ్యం ఒకటుంది. షూటింగులో ఆ నటి చెప్పాల్సిన మాట నిజంగానే మరిచిపోయింది. ఆయన కట్ చెప్పలేదు. ఆవిడ కిటికీ అంచు పట్టుకుని, పెదవులు కదిలిస్తూ, వెతుక్కుని వెతుక్కుని చివరికి ఆ మాట అందుకుంది. ఆ మౌనాన్ని తీసెయ్యమని మా నిర్మాత పట్టుబట్టాడు. ఎడిటింగ్ గదిలో మాటామాటా పెరిగి, దర్శకుడు చటుక్కున నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా, ఉంచాలా, తీసెయ్యాలా?"

నా హెచ్‌వన్ ఉద్యోగ వీసా స్పాన్సర్ చేయాల్సింది ఆ నిర్మాతే. "వీసా ఫైల్ చేసేదాకా నోరు మూసుకుని పని చేసుకోవే" అని పొద్దున్నే అక్క మరీమరీ చెప్పి పంపింది. కానీ నాన్న పోయిన రోజున గుమ్మం పట్టుకుని మాట కోసం తడుముకున్న అమ్మ నా కళ్లముందు మెదిలింది.

"ఉంచండి," అన్నాను.

నిర్మాత నావైపు ఒక్క చూపు చూసి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు ప్రకారం చివరి నిర్ణయం దర్శకుడిదే కాబట్టి దృశ్యం మిగిలింది. నా ఉద్యోగం మిగల్లేదు. "చెప్తే విన్నావా? ఇప్పుడు వీసా స్టేటస్ సంగతేంటే?" అని అక్క ఏడ్చింది.

సినిమా ఆడలేదు. ఆయనకు మళ్లీ ఎవరూ సినిమా ఇవ్వలేదు. అయినా ఆ పెద్దాయన తన సంగతి పక్కనపెట్టి, పాత పరిచయస్తులందరికీ స్వయంగా ఫోన్లు చేసి, గడువు ముగిసేలోపే నన్ను ఇంకోచోట చేర్పించాడు. తర్వాత లండన్ వెళ్లి, పోయేదాకా చిన్న చిన్న హాళ్లలో నాటకాలు వేయిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఎడిటర్లం ఎవరింట్లో వాళ్లం కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాం. తీసెయ్యమని మెసేజ్ వస్తుంది, తీసేస్తాం. ఒక నటి మాట కోసం ఆగిన ఆ కాసేపటి కోసం గొంతు చించుకుని పోట్లాడే మనిషి గదిలో లేడు; అసలు గదే లేదు.