చెల్లెలి చేతికిచ్చిన చాట

విమల ఇంట్లో ఏ పనీ నేల మీద పడదు. ఒకరి చేతిలోంచి జారితే ఇంకొకరి చేతిలో పడాల్సిందే. ఆరుగురు పిల్లలు, గదిన్నర ఇల్లు, నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు. తాతల నాడు తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చిన కుటుంబం. కుళాయి దగ్గర కొట్లాడి బిందెలు నింపేది మంగేశ్. ఇల్లు ఊడ్చి బట్టలు పిండేది ఆరతి. అంట్లు వైష్ణవివి. చిన్నవాళ్లు రుషికేశ్, ప్రథమేశ్ తునికాకు నానబెడతారు, బీడీ కట్టలకు దారం తెంపి ఇస్తారు. అందరికంటే పెద్దది సారిక, తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. తండ్రి పాండురంగ్ కుంఠా నాకా దగ్గర షెడ్డులో టవళ్ల మగ్గాలు నడుపుతాడు. ఇంట్లో ఆయనకున్న పని తినడం, దగ్గడం. వెక్కిరింపు కాదు, ఉన్నమాట.

ఈ పంపకానికి ఒకటే చట్టం. నీ పని నువ్వు మానుకోవచ్చు, కానీ దాన్ని చేయగలిగినవాళ్ల చేతిలో పెట్టి మానుకోవాలి. విమల కూడా పెళ్లై అశోక్ చౌక్ నుంచి వచ్చేటప్పుడు తన చాటను చెల్లెలి ఒళ్లో పెట్టే వచ్చింది. ఆ చెల్లెలు ఏడ్చిందో నవ్విందో విమలకు గుర్తు లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఇంకో సంగతి. బీడీ చుట్టే పిల్లకు అంట్లు చెప్పరు. ఆకును పొగాకుతో చుట్టడం ఒక ఎత్తు, చివర మూతిని లోపలికి మడవడం ఒక ఎత్తు. కొందరు రేకు ముక్కతో నొక్కుతారు. విమల ఇంట్లో మాత్రం బొటనవేలి గోరుతోనే. సబ్బు నీళ్లలో, బూడిదలో నానితే గోరు మెత్తబడుతుంది, మూతి విచ్చుకుంటుంది. మూతి విచ్చిన బీడీని కార్ఖానాలో సరుకు సరిచూసే చెకర్ తీసి పక్కన పారేస్తాడు. దాన్ని ఛాట్ అంటారు. ఛాట్ ఎక్కువైతే విమల ఇంట్లో ఆ పూట ఎవరూ గట్టిగా మాట్లాడరు.

సారిక పన్నెండో తరగతికి వచ్చింది. ఫిబ్రవరిలో పరీక్షలు. పాసైతే నర్సు కోర్సులో చేరాలని ఆమె ఆశ. పుస్తకాన్ని చాట పక్కన తెరిచి పెట్టుకుని చుట్టేది. పేజీల నిండా పొగాకు రజను. జనవరిలో ఒకరోజు పుస్తకం మూసేసి అడిగింది.

"అమ్మా, నలభై దినాలు నన్ను విడువు. పరీక్షలైనంక మల్లా కూసుంట."

"విడుస్త. చాట ఎవల చేతిల పెడ్తవు?"

"ఆరతి ఉన్నది గదా."

"ఆరతి చేతులు చూసినవా? బండ చేతులు. ఆకు చింపి పారేస్తది."

బట్టల దగ్గర నుంచి ఆరతి అందుకుంది. "బండ చేతులేనమ్మా. రేపటి సంది నీ చీరలు నీ మెత్తటి చేతులతోనే పిండుకో."

ఇంక మిగిలింది వైష్ణవి. పన్నెండేళ్లు, ఏడో తరగతి, కార్పొరేషన్ మరాఠీ బడి. మాడిన గిన్నెను చూస్తే దానికి ప్రాణం పోతుంది. సారిక దాన్ని వాళ్లుండే గదుల వరస, చాల్ వెనక మెట్ల మీదికి తీసుకుపోయి బేరం పెట్టింది.

"నీ అంట్లు నేను తోముత. చాట నువ్వు పట్టు. జిందగీల మల్లా గిన్నె ముట్టకు."

"ఖరంచ్? నిజంగనా?"

"నీ మీద ఒట్టు."

పదిహేను రోజులు నేర్పింది. వైష్ణవి బీడీలకు పొట్టలు లావు, మూతులు కప్ప నోళ్లు. పరీక్షలు మీదికొస్తున్నాయి. నేర్చుకునేదాకా ఆగే తీరిక సారికకు లేదు. అందుకని ఒక పని చేసింది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. వైష్ణవి చుట్టినవి ఏడెనిమిది మధ్యలో దాచి, చుట్టూ తనవి పేర్చి దారం కట్టింది. అలా ఓ ముప్పై కట్టలు తల్లి ముందు పెట్టింది.

"చూడమ్మా, అన్నీ వైశూ చేసినయే. ఇంక దానికి నేను అక్కర్లేదు."

విమల ఒక కట్ట తీసుకుంది. వెలుతురుకు పట్టి మూతులు చూసింది. చాలాసేపు చూసింది. వైష్ణవి అక్క వెనక్కి జరిగి నిలబడింది. అబద్ధం అక్కది, భయం చెల్లెలిది.

"మంచిగనే ఉన్నయి," అంది విమల. "రేపటి సంది వైశూ కూసుంటది."

ముప్పై కట్టలు చేయగల పిల్ల అని తేలాక, ముప్పై కట్టలూ చేసి చూపించాల్సిన బాధ్యత ఆ పిల్ల మీద పడింది. బడి నుంచి వచ్చి కూర్చుంటే పదో పన్నెండో అయ్యేవి. అందులో సగం ఛాట్. విమల మధ్యాహ్నం బెల్లుకే వచ్చెయ్యమంది. తర్వాత శనివారం బడి వద్దంది. హోలీ వచ్చేసరికి వైష్ణవి బడి సంచి, దప్తరం, మేకుకు వేలాడుతూ ఉంది, పిల్ల చాట ముందు వంగి ఉంది. సారిక ఇదంతా పుస్తకం పైనుంచి చూసింది. చూసి పేజీ తిప్పింది.

పరీక్షలు అయిపోయినా నలభై దినాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమె పాసైంది. ఫస్ట్ క్లాసు. పాండురంగ్ షెడ్డులో దూద్‌పేడాలు పంచాడు.

ఇటు వైష్ణవి చేయి తిరిగింది. ఎంతగా తిరిగిందంటే, తల్లితో మాట్లాడుతూ, తమ్ముళ్లను తిడుతూ, కిందికి చూడకుండా చుట్టేది. "నా వైశూ బీడీ ఒక్కటి వాపస్ రాదు" అని విమల గల్లీ అంతా చెప్పుకుంది. అన్నం ముందు వైష్ణవికే పెట్టేది. ఆరేళ్లు అంట్లు తోమిన పిల్లకు ఈ ఇంట్లో మొదటిసారి గౌరవం దొరికింది.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి వారం దాటాక పక్కింటి నమ్రత గుమ్మంలో నిలబడి చెప్పిపోయింది. "వైశూ, మన టీచర్ బాయి చెప్పమన్నరు. సోమారం లోపట రాకపోతే హాజరు పటంలకెంచి పేరు కొట్టేస్తరట."

సారిక అప్పుడు అంట్ల దగ్గర ఉంది. చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చింది.

"లేవే. చల్. శాళకు పో."

"ఎందుకు?"

"ఎందుకేంది? పేరు కొట్టేస్తరట, ఇనలేదా?"

"కొట్టేయనీ. శాళకు పోతె మల్లా అంట్లు నాకే. జిందగీల ముట్టకుమని ఒట్టు పెట్టింది నువ్వే గదా అక్కా." వైష్ణవి తల ఎత్తలేదు. చేతులూ ఆగలేదు.

సారిక తల్లి ముందు కూర్చుంది. "అమ్మా, నేను నర్సుకు పోను. చాట నాకియ్యి. దాన్ని శాళకు తోలు."

విమల ఆశ్చర్యపోలేదు. వాదించనూ లేదు. "సరే. రేపటి మాలు ఇద్దరు చెరి సగం చేయండి. నీ కట్టలకు ఎర్ర దారం కట్టు," అంది.

మర్నాడు అక్కాచెల్లెళ్లు గోడకు ఆనుకుని పక్కపక్కనే కూర్చున్నారు. సారికకు పద్ధతంతా గుర్తుంది. వేళ్లే మాట వినలేదు. ఐదు నెలలు బూడిదలో, సోడాలో నానిన గోరు మూతిని మడవబోతే తనే వంగిపోయింది. పంటితో నొక్కింది. చెంచా కాడతో నొక్కింది. పక్కన వైష్ణవి తన వాటా ముగించి కాళ్లు చాపుకుంది. కాసేపటికి అక్క ఆకుల్లోంచి కొన్ని తీసుకోబోయింది. సారిక ఆ చెయ్యి తోసేసింది. ఈసారి దొంగ కట్టలు వద్దు.

కార్ఖానాకు తల్లీకూతుళ్లు ముగ్గురూ వెళ్లారు. చెకర్ ఎర్ర దారం కట్టను విప్పి పలక మీద దొర్లించాడు. రెండు వేళ్లతో ఏరి పక్కకు నెట్టాడు. ఇంకో కట్ట. ఇంకోటి. నాలుగో కట్ట విప్పకుండానే గంపలోకి విసిరాడు.

"విమలాబాయి, ఇవి ఎవలు చేసిన్రు? చిన్న పోరి చేసిందా?"

"లేదు, పెద్దది," అంది విమల.

లైన్లో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. "సదువుకున్న బీడీలు గట్లనే ఉంటయి," అంది ఒకామె. వైష్ణవి నవ్వలేదు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతలు పెట్టింది.

తిరిగి వస్తుంటే కొంతం చౌక్ దగ్గర సారిక ఆగిపోయింది. "అమ్మా, తప్పు నాదే. ఆ దినం నీకు చూపిచ్చిన కట్టలు నేను చేసినయి. వైశూ చేసినయి నడుమల దాచిన."

"ఎరుకనే," అంది విమల.

"ఎరుకనా?"

"నా పిల్లలల్ల ఎవలు మూతి ఎట్ల మలుస్తరో నాకు ఎరుక లేదా? కట్ట చేతిలకు తీస్కోంగనే తెలిసింది."

"మరి ఎందుకు ఊకున్నవ్?"

విమల కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు ఎట్లైన పోయేదానివి. ఇయ్యాల సదువుకు, రేపు పెండ్లికి. దాని చెయ్యి ఇంక పదేండ్లుంటది. పోయే చెయ్యిని పట్టుకొని నేనేం చేయాలె?" రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నర్సు ఫారం నింపు. మీ నాయిన అందరికీ చెప్పుకున్నడు. ఇంకోటి. వైశూ పేరు తీపిచ్చి దాఖలా కాయితం తెచ్చేయి బడిలకెంచి. ఊకె బాయి మనుషులను తోలుతది, నామోషీ. నాకు రాసుడు రాదు. సదువుకున్నదానివి, అది నీ పని."

వైష్ణవి అప్పటికే చాలా ముందుకు నడిచిపోయింది. ఇంటి దగ్గర ఆకు ఆరిపోతుందని దాని తొందర.

సోమవారం సారిక బడికి వెళ్లింది. గుమాస్తా రిజిస్టరు తీసి, వైష్ణవి ఎందుకు మానేస్తోందని మరాఠీలో అడిగాడు. సారిక ముందు నిజమే చెప్పబోయింది. ఇంట్లో పని అని రాస్తే విచారణకు మనిషి వస్తాడని, ఇంకేదైనా చెప్పమని ఆయనే సలహా ఇచ్చాడు.

"ఊరికి పోతున్నం. తెలంగాణకు," అంది సారిక.

"అందరూ?"

"అందరం."

ఆయన రాసుకుని కాగితం ఆమె వైపు తిప్పాడు. తల్లో తండ్రో రావాలి కదా అన్నాడు. అమ్మకు చదువు రాదు, నాన్న డ్యూటీలో ఉన్నాడని చెప్పింది. ఆయన మిగతా కాగితాల మీదికి కళ్లు తిప్పుకుని, సరే కానియ్యమన్నట్టు పెన్ను ముందుకు జరిపాడు. పిల్ల బాధ్యులు సంతకం చేసే గీత మీద సారిక తన పేరు రాసింది.