మామ తెచ్చిన తెరచాప పడవ

మా మేనమామ ఓడరేవులో ఉద్యోగం ముగించుకుని సొంత ఊరికి వచ్చిన రోజు, లారీలో మంచం, బీరువా, రెండు ట్రంకు పెట్టెలతోపాటు ఒక పడవ కూడా దిగింది. పన్నెండు అడుగుల పాత చెక్క పడవ. ఆ ఊరు కంభం చెరువు పక్కనే. అంత పెద్ద చెరువు ఒడ్డున పడవ వింతేమీ కాదు గానీ, ఆ ఏడాది అందులో నీళ్లు లేవు. నెర్రెలిచ్చిన మట్టి మీద గొర్రెలు తిరుగుతున్నాయి. దించడానికి సాయం పట్టిన ఒకాయన, "ఏందప్పా ఇది, గొర్లకు కుడితి తొట్టా?" అని అడిగాడు. మామ నవ్వి, "వాన పడనీ, చూపిస్తా" అన్నాడు.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా తీరంలో ఒక పడవల షెడ్డులో పనిచేశాడు. అక్కడ అధికారులు, వాళ్ల పిల్లలు తెరచాప పడవలు నడపడం నేర్చుకునేవారు. మామ తాళ్లూ తెరచాపలూ చూసుకునేవాడు. మెట్ట చేలలో కంది, సజ్జ పండించే ఇంట్లో పుట్టిన మనిషి, గాలి ఎటు నుంచి వస్తే గుడ్డ ఎటు తిప్పాలో అక్కడే తెలుసుకున్నాడు. ఫైబర్ పడవలు వచ్చాక పాత చెక్క పడవల్ని కట్టెలకింద ఇచ్చేస్తుంటే, తాను మొట్టమొదట నడిపిన పడవను అడిగి తెచ్చుకున్నాడు.

దాన్ని గొర్రెల దొడ్డి పక్కన బోర్లించాడు. నాలుగేళ్లు అది అలాగే ఉంది. మేకపిల్లలు దాని వీపెక్కి దూకేవి. అత్త దాని మీద మిరపకాయలు ఆరబోసేది.

ఆ నాలుగేళ్లలో మా నాయన ఆ ఊరికి ఒక్కసారి కూడా పోలేదు. అంతకు రెండేళ్ల ముందు మా అమ్మ చనిపోయింది. పొద్దున పాలు పితికి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి మధ్యాహ్నానికి లేదు. మామకు ఫోన్ చేస్తే బయల్దేరానన్నాడు. తర్వాత ఫోన్ కలవలేదు. మర్నాడు పొద్దెక్కేదాకా ఆయన కోసం చూసి, ఇక ఆపలేక కార్యం ముగించారు. మామ పదకొండో రోజు వచ్చాడు. నాయన వాకిట్లో నిలబడి, "మీ అక్క పోయినాక ఇప్పుడెందుకు వచ్చినావు" అన్నాడు. మామ, "రాలేకపోయినా బావా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. బయల్దేరానన్న మాట అబద్ధమని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అత్త కోసం పండక్కో పబ్బానికో ఆ ఇంటికి పోయేదాన్ని గానీ, మామ ఎదురుగా కూర్చుని అన్నం తినేదాన్ని కాదు.

తర్వాత ఒక ఏడాది వానలు బాగా పడి చెరువు నిండింది. మార్కాపురంలో నా టైలరింగ్ దుకాణానికి మామ ఒక గోతం మోసుకుని వచ్చాడు. అందులో పాత తెరచాప ఉంది. ఎలుకలు కొట్టేసి జల్లెడలా ఉంది.

"దీన్ని కొలతకు పెట్టుకొని కొత్తది కుట్టియ్యాల అమ్మీ," అన్నాడు.

నేను జాకెట్లు, పరుపు కవర్లు కుట్టే మనిషిని. కాదని చెప్పి పంపొచ్చు. కానీ ఆ గుడ్డ అంచున చేత్తో వేసిన కుట్టు చూశాక వదలబుద్ధి కాలేదు. వేలెడు వెడల్పు మడత, లోపల తాడు, అరంగుళానికి ఒక కుట్టు. ఎవరు కుట్టారంటే తనేనన్నాడు.

మందమైన క్యాన్వాసు తెప్పించి కత్తిరించి కుట్టాను. మిషను సూదులు మూడు విరిగాయి. మామ దుకాణం ముందు దాన్ని పరిచి, చేత్తో తడిమి, "బాగుండాది గానీ ఇది కర్టెన్ అమ్మీ, తెరచాప కాదు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అన్నాను.

"కొలతలు సరే. దీనికి కడుపుండాల. గాలి వచ్చి కూసునేదానికి చోటుండాల. సాపుగా ఉంటే గాలి జారిపోతాది."

అప్పుడు పాత తెరచాపను మళ్లీ విప్పి చూశాను. దాని ముక్కలు తిన్నగా కోసినవి కావు. ఒక్కొక్క ముక్క అంచు కొంచెం వంపు తిరిగి ఉంది. ఆ వంపుల్ని కలిపి కుట్టినప్పుడు మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. జాకెట్‌కు ఒంటి వంపు కోసం డాట్లు వేసే పనే ఇది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనిని గుర్తుపట్టలేకపోయాను. మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టాను.

కొయ్యపని మాత్రం ఎవరూ ముట్టలేదు. పడవ అడుగున రెండు పలకలు పుచ్చిపోయాయి. పలకలన్నీ ఎండి సందులు విచ్చుకున్నాయి. కంభంలో, గిద్దలూరులో మిస్త్రీలను పిలిపిస్తే తలుపులు, కిటికీలయితే చేస్తామన్నారు. వంపు తిరిగిన పలక కూర్చగలిగిన చేయి నాకు తెలిసి ఒకటే ఉంది. మా నాయనది. ఆయన సేద్యగాడే గానీ, కుర్రతనంలో మా ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని పని పట్టుకున్నాడు. కొనకనమిట్ల చుట్టుపక్కల ఎడ్లబండ్లు ఉన్నంతకాలం చక్రం పాడైతే ఆయన దగ్గరికే తెచ్చేవారు.

మా ఊళ్లో అన్నావదినల దగ్గరున్న నాయనకు పోయి చెప్పాను. "ఎవురిది పడవ?" అని అడిగాడు. మామదని చెప్పాను. ఆయన లేచి ఎద్దుల దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక, "అన్నం పెట్టమని మీ వదినకు చెప్పు" అన్నాడు. అంతటితో ఆ మాట ముగిసిందనుకున్నాను.

ఆదివారం పొద్దున మార్కాపురం బస్టాండులో దిగి ఫోన్ చేశాడు. ఉలి, బాడిస, చిత్రిక, సుత్తి గోనెలో చుట్టుకుని వచ్చాడు.

"చెక్కను చూసేదానికి వచ్చినా. మనిషిని కాదు," అన్నాడు.

అలా నాలుగు ఆదివారాలు ఇద్దరం మామ ఊరికి పోయాం. నేను మధ్యలో ఉండేదాన్ని. నాయన పడవకు ఇటువైపు కూర్చుని, "ఆయన్ను ఆ సుత్తి ఇయ్యమను" అనేవాడు. రెండడుగుల దూరంలో ఉన్న మామ, సుత్తి నా చేతికిచ్చి, "ఇంద, మీ నాయనకియ్యి" అనేవాడు. అత్త ఇద్దరికీ ఒకే పళ్లెంలో జొన్నరొట్టెలు తెచ్చి పెట్టేది. ఎవరి అంచు నుంచి వాళ్లు తుంచుకునేవారు. గిద్దలూరు నుంచి తెచ్చిన టేకు చెక్కను నాయన వేడినీళ్లు పోసి, బరువు పెట్టి, మళ్లీ ఆదివారానికి వంచాడు. అది పడవ అడుగుకు అతుక్కున్నప్పుడు మామ వేలితో ఆ అతుకు మీద రాసి చూశాడు. మెచ్చుకోవాలని నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. నా వైపు చూసి, చెక్కపేళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

సందులు పూడ్చే దగ్గర పేచీ వచ్చింది. నూలు పోగులు కూర్చి, పైన నూనెలో కరిగించిన గుగ్గిలం పూయాలి. మామ ఉలితో కొట్టి కొట్టి కూరుతుంటే నాయన, "వదులుగా పెట్టమను. చెక్కకు చోటియ్యాల" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. మామ అడగలేదు. తాళ్ల పని తెలుసు గానీ పలకల పని ఆయనకు తెలియదు. ఆయన చూసిన పడవలు రోజూ నీళ్లలోకి దిగేవి, ఏళ్ల తరబడి ఎండినవి కావు. మొహం ముడుచుకుని నాయన చెప్పినట్టే చేశాడు.

పడవను ట్రాక్టరు మీద చెరువుకు తీసుకుపోయాం. వలలేసే వాళ్లు నలుగురు, గొర్రెలు కాసే ఒక పెద్దమ్మ, ఇంకా పదిమంది దాకా చేరారు. నడుములోతు నీళ్లలోకి తోశారు. ముందు తేలింది. మామ దాని అంచు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి అన్ని సందుల్లోంచి సన్నగా నీళ్లు ఊరడం మొదలైంది. బకెట్లతో తోడినా ఆగలేదు. పావుగంటలో అంచులదాకా నిండి కూర్చుంది. ఒడ్డున ఎవరో నవ్వారు.

మామ తిరిగి చూశాడు. ఆరేళ్లలో మొదటిసారి నేరుగా నాయనతో మాట్లాడాడు.

"నీ మాట విన్నందుకు ఇట్లయింది. నా మీద కోపమంతా ఆ సందుల్లో పెట్టినావు బావా."

నాయన పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. "కోపం నీ మీద ఉండాది. చెక్క మీద ఎందుకుంటాది? ఎండాకాలం బండిచక్రం వదులైతే ఏం చేస్తాం? మడుగులో పడేస్తాం. కొయ్య నీళ్లు తాగి ఉబ్బి బిగుసుకుంటాది. నాలుగేండ్లు ఎండిన చెక్క ఇది. నువ్వు కొట్టినట్టు కూరింటే, ఉబ్బినాక పలక పగిలేది. లోపల రాళ్లు పెట్టు. అయిదు దినాలు మునగనీ."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు గదా."

"నువ్వు చెప్పినావా? మీ అక్క పోయినప్పుడు ఎందుకు రాలేదో నువ్వు చెప్పినావా?"

నేను ఒడ్డున ఉన్నాను. ఇద్దరూ నడుములోతు నీళ్లలో, మునిగిన పడవకు చెరోపక్క నిలబడి ఉన్నారు. మామ నీళ్లలో తేలుతున్న బకెట్టు అందుకున్నాడు.

"వచ్చినా బావా. మర్నాడు మధ్యాహ్నం దొనకొండలో రైలు దిగినా. నా ఫోన్ ఆగిపోయింటే, స్టేషన్ బయట టీకొట్టోళ్ల ఫోన్ అడిగి మీ ఊళ్లో కొట్టుకు చేసినా, నేనెవురో చెప్పలే. అయిపోయింది, అందరూ స్నానాలు చేసి వచ్చినారని చెప్పినారు. మొగం కూడా చూడనోణ్ణి, వచ్చి ఏం చేయాల? బెంచీ మీద కూసున్నా. మళ్లా రైలొస్తే ఎక్కినా."

నాయన నీళ్లలోకి వంగాడు. ఒక రాయి ఎత్తి పడవలో పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. తర్వాత, "వచ్చింటే తిట్టేవాణ్ణి," అన్నాడు. "తిట్టి, అన్నం పెట్టేవాణ్ణి."

మామ తల వంచుకుని ఏడ్చాడు. నాయన రాళ్లు పేరుస్తూనే ఉన్నాడు. దొనకొండ స్టేషన్ నుంచి మా ఊరు ఎంత దూరమని నేను లెక్కేసుకుంటున్నాను. ఆరేళ్లలో ఆయన్ను నేనైనా ఒక్క మాట అడగలేదు. అమ్మ కూతురినై ఉండి, కోపాన్ని నాయన దగ్గర్నుంచి తీసుకుని వాడుకున్నానే తప్ప, నాదంటూ ఒక ప్రశ్న వేయలేదు.

ఆ రాత్రి నాయన మార్కాపురం రాలేదు. మామ ఇంట్లోనే ఉండిపోయాడు. అయిదో రోజు ముగ్గురం కలిసి నీళ్లు తోడాం. రాళ్లు తీసేకొద్దీ పడవ లేచింది. మధ్యాహ్నం దాకా చూశాం. అడుగున ఒక చెంబెడు నీళ్లు చేరాయి, అంతే. వెదురు కొయ్య నిలబెట్టి మామ తాళ్లు బిగించాడు. నాయనకు ఈత రాదు. నడుముకు లారీ ట్యూబు కట్టుకుని ఎక్కాడు. వెనకే నేనూ ఎక్కాను.

సాయంత్రం నల్లమల వైపు నుంచి గాలి వచ్చింది. నేను కుట్టిన గుడ్డ ఒక్కసారి టపటపా కొట్టుకుని, తర్వాత నిండుగా ఉబ్బి నిశ్శబ్దమైంది. పడవ ఒక పక్కకు వాలి కదిలింది. మోటారు లేదు, తెడ్డు వేయడం లేదు, అయినా ఒడ్డు వెనక్కి పోతోంది. ఎన్ని గుడ్డలు కుట్టానో జీవితంలో, అంతకుముందు ఒకటీ నన్ను మోసుకుపోలేదు.

నాయన రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నాడు. కొంతదూరం పోయాక, "దీన్ని నిలపాలంటే ఎట్ల? బ్రేకు యాడుండాది?" అని అడిగాడు.

"తాడు వదిలితే నిలుస్తాది బావా."

"అయితే వదలొద్దు. కొంచెం పోనీ."

ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు వెనక్కి తగ్గడం మొదలైంది. మామ పడవను ఇంటికి చేర్చి నీడన పెడదామన్నాడు. మళ్లీ ఎండితే మళ్లీ విచ్చుకుంటుందని నాయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వారానికోసారి ఆయన బస్సెక్కి కంభం పోతాడు. ఇద్దరూ కలిసి పడవను నీళ్ల వెంబడి కొన్ని గజాలు లోపలికి తోస్తారు. మొన్న నేనూ పోయాను. బురదలో మోకాళ్లదాకా దిగబడి, ఎడమకు తోయాలని ఒకరు, కుడికని ఒకరు వాదులాడుకుంటున్నారు. నేను చెప్పులు ఒడ్డున వదిలి వెనక నుంచి చేయి వేశాను.