ఏడుపు పార్టీ

మొన్న కాలేజీలో చదివే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వరంగల్లులో పాతకాలపు పాటల బృందాల గురించి ఏదో రాస్తోందట. "మీ బ్యాండులో మొత్తం ఎంతమంది ఉండేవాళ్లు సార్?" అని అడిగింది. ఎప్పుడు, అని అడగబోయి ఊరుకున్నాను. ఎప్పుడు చూసినా నలుగురమే, కానీ ఏ రెండేళ్లూ ఆ నలుగురే కాదు. వేళ్ల మీద లెక్కపెడుతూ పోతే మధ్యలోనే అలసట వచ్చింది. తర్వాత చెప్తానమ్మా అని పెట్టేశాను.

వరంగల్లు మట్టెవాడలో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. డెబ్బైల మధ్యలో దాని పైగదిలో మా అన్న ఆ బ్యాండు పెట్టాడు. రాత, పాట, గిటారు అన్నీ ఆయనవే. భజనలకని మా బాపు, అంటే నాన్న, కొన్న హార్మోనియాన్ని నేను పైకెక్కించాను. కాజీపేట రైల్వే క్వార్టర్ల దోస్తు ఒకతను డ్రమ్ములు తెచ్చాడు. అన్నకు గిటారు నేర్పింది కూడా అతనే. ఎదురింటి టైలరు బుల్‌బుల్‌తార వాయించేవాడు. సినిమా పాటలు ముట్టకూడదని అన్న నియమం. అన్నీ సొంత పాటలే, అన్నింటా దుఃఖమే. రాని ఉత్తరం, మూసిన కిటికీ, ఎవరూ దిగని రైలు. నిజానికి అన్నకు వచ్చిన కష్టమంటూ ఏమీ లేదు. వేళకు తినేవాడు, హాయిగా నిద్రపోయేవాడు. మేం గట్టిగా అందుకుంటే కింద అరల్లో గిన్నెలు గలగలమనేవి. "దుకాణంల ఎవలన్న పోయిండ్రా అని అడుగుతాండ్రు గిరాకులు. జర నవ్వే పాట ఒక్కటన్న కట్టరాదురా!" అని బాపు మెట్ల కింది నుంచి అరిచేవాడు. డ్రమ్ము మీద మేం రాయించుకున్న ఇంగ్లీషు పేరు ఆయనకు నోరు తిరగక 'ఏడుపు పార్టీ' అన్నాడు. వాడంతా అదే ఖాయమైంది. అమ్మ ఒకసారి నిజంగానే దిగులుపడి, "నీకేం తక్కువైంది బిడ్డా?" అని అడిగితే, అన్న, "తెల్వదే అమ్మా. లోపట అట్లనే ఉంటది" అన్నాడు.

మొదట టైలరు బ్యాండు వదిలిపోయాడు. కొత్తగా కాపురానికొచ్చిన భార్య, ఇంట్లో ఈ శోకాలు వద్దన్నదట. తర్వాత కాజీపేట దోస్తు తండ్రికి బదిలీ అయింది. డ్రమ్ములు రైలెక్కుతుంటే అన్న ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాడు. వారంలో ఆ రైలు మీద పాట కట్టాడు, వాయించడానికి డ్రమ్ములే లేవు. అప్పుడు నెక్కొండ నుంచి మాకు వరసకు తమ్ముడయ్యే ఒకతను ఆదివారం ఆదివారం ప్యాసింజరులో వచ్చి తబలా అందుకున్నాడు. నాట్లప్పుడు రాడు, కోతలప్పుడు రాడు. ఒక ఏడు తండ్రి మంచాన పడితే వ్యవసాయం అతని నెత్తిన పడి పూర్తిగా మానేశాడు. పోయినవాళ్ల చోట కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. ప్రతి కొత్తవాడికీ అవే పాటలు మొదటి నుంచి నేర్పాలి. అన్న విసుక్కోకుండా నేర్పేవాడు. విసుగంతా నాకే వచ్చేది.

ఎనభైల మొదట్లో పెద్దమ్మ బిడ్డ, మా చెల్లె, వచ్చి చేరింది. ఆమె గొంతు విప్పితే బాపు సైతం త్రాసు పక్కన పెట్టి వినేవాడు. ఆ ఏడు వినాయక చవితికి కమిటీవాళ్లు నన్ను పక్కకు పిలిచారు. "చెల్లెతోని సినిమా పాటలు పాడిపియ్యుండ్రి. మీ అన్నను మాత్రం ఊకె కూసోమను. పండుగ పూట ఏడుపేంది?" అన్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే లోపల తేలికపడ్డాను. ఏళ్ల తరబడి మధ్యలోనే లేచిపోయే జనాన్ని చూసి చూసి, ఒక్కసారి చప్పట్లు వినాలనిపించింది.

ఆ సాయంత్రం అన్న మెట్ల మీద కూర్చుని గిటారు తీగ మారుస్తున్నాడు. "అన్నా, ఈసారి చెల్లె ఒక్కతే పాడుతదట, సినిమా పాటలు" అన్నాను.

"ఎవలంటాండ్రు?"

"కమిటీవోళ్లు."

"నువ్వేమంటవ్?"

తప్పించుకునే మాటలు చాలానే ఉన్నాయి. కానీ, "నేను గూడ అదే అంట" అన్నాను.

అన్న తీగ బిగించడం పూర్తి చేశాడు. "సరే తియ్యి. మైకులు నేను జూసుకుంట. పరాయోళ్లకిస్తే చెల్లె గొంతు ఖరాబు చేస్తరు" అన్నాడు.

ఆ తర్వాత అన్న పాడలేదు. యాంప్లిఫయరు పక్కన స్టూలు మీద కూర్చుని, తను పెట్టిన బ్యాండుకు తనే మైకులు సర్దేవాడు. మేం చప్పట్లు కొట్టించుకున్నాం. కొత్తగా చేరినవాళ్లు ఆయన్ని 'మైకన్న' అనేవాళ్లు. "మైకన్నకు పాటలొస్తయా?" అని వాళ్లలో ఒకడు అడిగితే, "కొద్దిగ" అన్నాను. చెల్లెకు పెళ్లి కుదిరాక ఆమె చివరి ప్రోగ్రాం ధర్మసాగర్‌లో, ఒక బడిలో జరిగింది. ఎవరికీ చెప్పకుండా చెల్లె అన్న పాట ఒకటి అందుకుంది. పిల్లలు గోల చేస్తూనే ఉన్నారు. దిగి వచ్చాక అన్న, "రెండో చరణం మొత్తం తప్పు పాడినవ్ గదనే" అన్నాడు. "మతికి రాలే అన్నా, నేనే కట్టిన" అంది చెల్లె. "మంచిగనే కట్టినవ్" అని వైర్లు చుట్టుకుంటూ వెళ్లాడు. ఆ రోజు ఆయన ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. తర్వాత క్యాసెట్లొచ్చాయి, మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఒకరోజు చూస్తే మిగిలింది నేను, అన్న.

ఆ అమ్మాయి ఫోన్ తర్వాత ఉండబట్టలేక అన్న దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. "అన్నా, అప్పుడు మెట్ల మీద నేను గూడ నిన్ను పాడొద్దంటి గదా. బాధైందా?" అని అడిగాను.

ఆయన తలెత్తి వింతగా చూశాడు. "నువ్వా? వద్దన్నది కమిటీవోళ్లు గదరా. నువ్వు నా దిక్కే ఉంటివి. నాకు మంచిగ యాదున్నది."

సరిదిద్దబోయి ఆగిపోయాను. ఆయన మళ్లీ నూనె రాసుకోవడంలో పడ్డాడు. కాలం ఆయన తరఫున నన్ను ఎప్పుడో క్షమించేసినట్టుంది. ఆ కబురు నా దాకా మాత్రం ఇంకా చేరలేదు.