మిరపకోతకు ఇరవై మంది

కొండమ్మ మిరపకోతల ముఠా మేస్త్రి. సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, "రేపు తెల్లారేసరికి ట్రాక్టరు కాడుండాల" అని చెప్పడం, ఒప్పుకున్నంత మందినీ రైతు చేలో దించడం ఆమె పని. ఇరవై మందంటే ఇరవై మందే. పదిహేనేళ్ళలో ఒక్కరు తగ్గలేదు. ఆ సంగతి ఆమే చెప్పుకునేది, రోజుకు రెండుసార్లు.

2001 జనవరిలో బళ్ళో కమిటీ వేశారు. ఆడవాళ్ళు తక్కువయ్యారని జయరావు మాస్టారు కొండమ్మను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వేలిముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత కాగితం చదివి వినిపించారు. బడి ఈడు పిల్లల్ని కోతలకు తీసుకుపోనని ఊరందరి ముందూ కొండమ్మ ఒప్పుకుందట!

"ముందే చెప్పి చావొచ్చుగా మాస్టారూ!" అంది. ముఠాలో ఆరుగురు బడి ఎగ్గొట్టిన ఆడపిల్లలే మరి. అయినా మాటిచ్చాక ఇచ్చినట్టే, రైతుకైనా, కాగితానికైనా.

ఆ సాయంత్రం ఆ ఆరిళ్ళకూ వెళ్ళి, పిల్లల బదులు వాళ్ళ నాన్నల్ని రమ్మంది. మిరపకోత ఆడవాళ్ళ పని. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. ఐదుగురు తిట్టుకుంటూనే ఒప్పుకున్నారు. యలమంద మాత్రం అడ్డం తిరిగాడు. అతని కూతురు భవ్యకు మార్చిలో ఏడో తరగతి పరీక్షలు. అవి తప్పిందా, ఇక బడి మానేసినట్టే.

"నేను కాయలు కోస్తే జనం మొహాన ఉమ్మరా పిన్నీ? భవ్యనే పంపుతా."

"ఎక్కించుకోను. నువ్వు రాకపోతే పందొమ్మిది మందితోనే పోతా. నా పరువు తీసింది నువ్వేనని పెదకాకాని దాకా చెప్తా!"

యలమంద వచ్చాడు. ఎవరూ గుర్తుపట్టకుండా తలగుడ్డ ముక్కు దాకా లాక్కున్నాడు. అందరూ గుర్తుపట్టారు.

ఆ రోజు సాయంత్రం కొండమ్మ మళ్ళీ చెప్పడానికి వెళ్ళేసరికి, యలమంద రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. చేత్తో నలుపుకున్న కన్ను వాచి మూసుకుపోయింది. భవ్య ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, తండ్రికి అన్నం కలిపి తినిపిస్తోంది.

"ఎన్నాళ్ళుంటదే ఈ మంట?" అన్నాడు.

"పది రోజులు నాన్నా. ఆ తర్వాత తెలవదు. నేను మూడో తరగతి నించీ కోస్తన్నాగా, అలవాటైపోయింది."

యలమంద ముద్ద నమలడం ఆపి కూతురి వేళ్ళ వంక చూశాడు. మూడో తరగతి నుంచీ ఆ పిల్లను రెక్క పట్టి ట్రాక్టరు ఎక్కించింది తనేనని కొండమ్మకు గుర్తొచ్చింది. చచ్చేంత సిగ్గేసింది. రోజూ చెప్పే మాటే నోటికి రాలేదు.

చివరికి యలమందే అడిగాడు.

"రేపు ఎన్నింటికి పిన్నీ, ట్రాక్టరు?"