అంగీ విప్పని పెద్దబాపు

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, మొన్న బుధవారం పొద్దున పోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను కంపెనీ క్యాబులో సాఫ్ట్‌వేర్ పిల్లలను మాదాపూర్‌లో దింపుతున్నాను. మా ఊరు సురంగల్ చేరేసరికి వాకిట్లో మా ఇంటివాళ్లు నలుగురే ఉన్నారు. ఏడుపు కంటే ముందు నాకు ఊరి మీద కోపం వచ్చింది.

ఒకప్పుడు ఆయన పొలంలో మోటరు దగ్గర పది మంది ఉండేవారు. చేవెళ్ల మార్కెట్‌కు పంపే క్యారెట్‌ను నీళ్ల హౌజులో కడిగి, సంచులకెత్తి, అందరూ అంగీలు విప్పి పైపు కింద స్నానాలకు కూర్చునేవారు. "పట్నంల ఎన్ని నల్లాలుంటే ఏంది, వీపు రుద్దెటోడు ఉండాలె గదా" అనేవాడు పెద్దబాపు. నాకు ట్రాక్టర్ మీద స్టీరింగ్ నేర్పింది కూడా ఆయనే.

తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. మగ హార్మోనే దానికి మేత, అది ఆగితే రోగం అణుగుతుందన్నాడు డాక్టరు. మూడు నెలలకోసారి పొట్టకు ఇంజెక్షన్. నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆ మందు ఆయన్ను నాలుగేళ్లు బతికించింది, ఆ మాట చెప్పాలి. కానీ చలికాలంలో కూడా ఒంట్లో సెగలు పుట్టి చెమటతో తడిసిపోయేవాడు. ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. రొమ్ములు ఉబ్బాయి. ఇక నలుగురిలో అంగీ విప్పలేదు. స్నానానికి పిలిస్తే పని ఉందని ఇంటికి వెళ్లిపోయేవాడు.

చుట్టూ భూములు ఫామ్‌హౌస్‌లకు అమ్ముడుపోతున్న రోజులవి. ఈయన కూడా చాటుగా భూమి అమ్మకానికి బయానా తీసుకున్నాడని, అందుకే పొగరు నెత్తికెక్కిందని మా ఊరి తెలివిమంతులు తేల్చేశారు. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఊరికి నిజం చెప్పేస్తానని పెద్దబాపును ఎంతో బతిమాలాను.

"పొగరనుకోనీ బిడ్డా. పొగరంటే మొగోనికే ఉంటదనుకుంటరు" అన్నాడు.

ఆయన ఉన్నన్నాళ్లూ నోరు మూసుకున్నాను. తప్పు చేశానేమో. ఇప్పుడు పెద్దమ్మ చెప్పమంటేనే రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం ఇంజెక్షన్ వేయించుకుని వస్తూ, మిట్టమధ్యాహ్నం పొలం దగ్గర కారు ఆపమన్నాడు. మోటరు వేసి, నన్ను గట్టు మీద కాపలా పెట్టి, అంగీ విప్పి పైపు కింద కూర్చున్నాడు.

"ఎవరన్న వస్తున్నరా?" అని అడిగాడు.

ఎవరూ రావడం లేదన్నాను. కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతులో భయం లేదు. నేను బాట చివరిదాకా చూశాను. ఎవరూ రావడం లేదు.