త్వరలోనే వచ్చే మందు

డబ్లిన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. ఊరంతా క్రేన్లే. ఎవరిని కదిపినా కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం గురించే మాట. నా గొప్ప మాత్రం ఒక ప్లాస్టిక్ గిన్నెలో ఉండేది. అందులో రొమ్ము క్యాన్సర్ కణాలు, కీమో మందుకు లొంగని మొండిఘటాలు. వాటిలో ఒక జన్యువు పనిచేయకుండా నోరు నొక్కేసి, మళ్లీ అదే మందు పోస్తే చాలావరకు చచ్చాయి. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ఆదివారం బోమాంట్ పేటలో ఆంటీ వాళ్లింట్లో భోజనం. ఆంటీ అంటే చుట్టం కాదు, పరాయి ఊళ్లో నాకు పప్పన్నం పెట్టి ఆదుకున్న గుంటూరావిడ. గోంగూర కలుపుకుంటూ అందరి ముందూ కోతలు కోశాను. "ఆ జన్యువు నోరు మూయిస్తే చాలు, మందు పనిచేస్తుంది. ఇక కోత అక్కర్లేదు. త్వరలోనే వచ్చేస్తుంది," అన్నాను. గిన్నెలో పనిచేసినదాన్ని మనిషి ఒంట్లోకి ఎలా చేర్చాలో మా ల్యాబులో ఎవరికీ తెలియదు. ఆ సంగతి చెబితే కథ రక్తి కట్టదని మింగేశాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. వంటింట్లో ఇద్దరం గిన్నెలు తుడిచి అలమరాలో సర్దుతున్నాం.

"నీ మందు వచ్చేసిందా అమ్మాయ్?" అంది ఆంటీ, గొంతు తగ్గించి.

"ఏ మందు ఆంటీ?"

"అదే, నోరు మూయించేది."

నవ్వబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము పక్కన అదుముకుంది. ఉసిరికాయంత గడ్డ. రోజూ ఆ కణాలనే చూసేదాన్ని, కానీ ఒక మనిషి ఒంట్లో వేళ్లకు తగలడం అదే మొదలు. భయమేసింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చెప్పినప్పటికి బఠాణీ గింజంత. డాక్టరు దగ్గరికెళితే కోసేస్తారు గదా. త్వరలోనే అన్నావని ఆగా. మీ అంకుల్‌కి కూడా చెప్పలా."

మా ల్యాబులో త్వరలో అంటే ఏళ్లూ పూళ్లూ. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అలాంటి మందు లేదు ఆంటీ. గిన్నెలో కణాలకి తప్ప ఎవరికీ ఇవ్వలేదు."

ఆవిడ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. "మరి కోత అక్కర్లేదన్నావు గదమ్మా," అంది. గొంతులో కోపం లేదు. అడుగుతోంది, అంతే.

మర్నాడు పొద్దున్నే వాళ్ల ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎన్నాళ్లయిందని డాక్టరు అడిగితే, ఇంగ్లీషు రాక ఆంటీ నా వైపు చూసింది. నాలుగు నెలలు దాటిందని చెప్పాను.

ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడిగాడాయన. దానికీ ఆవిడ నా వైపే చూసింది.